ఎర్ర నాచు: ముందు విత్తనం సంగతి చూద్దాం

ఆవు మేతలో కాస్త ఎర్ర సముద్రపు నాచు కలిపితే దాని కడుపులోంచి వచ్చే మీథేన్ ఎనభై శాతానికి పైగా తగ్గిపోతుందన్న వార్త ఏటా రెండు మూడుసార్లయినా కంటపడుతుంది. వార్త పక్కన పచ్చిక బయలు, అందులో బలిసిన విదేశీ ఆవు ఫొటో ఉంటుంది. ఈమధ్య దానికి ఒక తోక కూడా చేరింది. మనకు పొడవైన తీరం ఉంది, కోట్లాది పశువులున్నాయి, కాబట్టి ఇది మన దేశానికి బంగారం లాంటి అవకాశం అని.

వార్తలోని సైన్స్ నిజమే. ఆ నాచు పేరు ఆస్పరాగాప్సిస్. అందులో బ్రోమోఫామ్ అనే రసాయనం ఉంటుంది. నెమరువేసే పశువు పొట్టలో ఆర్కియా అనే సూక్ష్మజీవులు హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్ తయారు చేస్తాయి. ఆ తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమ్‌ను బ్రోమోఫామ్ అడ్డుకుంటుంది. ఫలితంగా పశువు త్రేన్పుల్లో మీథేన్ తగ్గుతుంది. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు మాంసం కోసం పెంచే పశువుల మీద ఐదు నెలల పాటు పరీక్షించి, కొన్ని మేతల్లో ఎనభై శాతానికి పైగా తగ్గుదల చూశారు.

నేను చదివింది ఫిజిక్స్. పెద్ద మాట ఏది విన్నా ముందు కాగితం మీద ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసి చూడటం ఆ చదువు అంటించిన అలవాటు. ఇక్కడా అదే చేద్దాం.

2019 పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 19 కోట్ల పైచిలుకు. గేదెలు దాదాపు 11 కోట్లు. మొత్తం 30 కోట్లు. ఒక్కోటి సగటున రోజుకు ఆరు కిలోల ఎండు మేత తింటుందనుకుందాం. అందులో అర శాతం నాచు కలపాలంటే 30 గ్రాములు కావాలి. ఏడాదికి 11 కిలోలు. 30 కోట్ల పశువులకు 33 లక్షల టన్నులు. ఇది ఎండు నాచు లెక్క. సముద్రంలోంచి తీసిన పచ్చి నాచులో దాదాపు తొంభై శాతం నీరే. అంటే మనం పండించాల్సింది మూడు కోట్ల టన్నుల పైమాటే.

ప్రపంచం మొత్తం మీద ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ, అన్ని రకాల సముద్రపు నాచులూ కలిపి ఏడాదికి వచ్చే దిగుబడి మూడున్నర కోట్ల టన్నులకు కాస్త ఎక్కువ. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మన దేశానికి పెట్టుకున్న లక్ష్యం 11.2 లక్షల టన్నులు. దానికి కూడా మనం చాలా దూరంలోనే ఉన్నాం. పోనీ పదింట ఒక పశువుకే నాచు పెడదామన్నా 30 లక్షల టన్నులు కావాలి.

పైగా ప్రయోగశాల అంకెలు పొలంలో అలాగే ఉండవు. 2023లో ఆస్ట్రేలియాలో వాగ్యూ పశువుల మీద తొమ్మిది నెలలకు పైగా సాగిన ప్రయోగంలో ఈ నాచు సారం వల్ల తగ్గిన మీథేన్ 28 శాతమే. పశువుల బరువు పెరుగుదల కూడా మందగించింది. నెదర్లాండ్స్‌లో పాడి ఆవుల మీద చేసిన పరిశోధనలో కొన్ని ఆవులు ఆ మేత ముట్టలేదు. పాలలో, మూత్రంలో బ్రోమోఫామ్ జాడ కనిపించింది. మన రైతు ఇంటి గేదె తినేది వరిగడ్డి, చొప్ప, కాస్త తవుడు, గట్టున కోసిన పచ్చగడ్డి. కర్మాగారంలో కలిపిన దాణాలో గ్రాములు కొలిచి వేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఊరికే పుట్టలేదు. అలాగని ఈ పరిశోధన వద్దని నా ఉద్దేశం కాదు. జరగాలి, మన పశువుల మీద, మన మేతతో జరగాలి. కానీ ఎర్ర నాచు గురించి మన దగ్గర జరిగే చర్చంతా దాన్ని దేనికి వాడుకోవచ్చు అన్న దాని చుట్టూనే తిరుగుతోంది. అది ఎలా పుడుతుంది, ఎప్పుడు పెరుగుతుంది, ఎందుకు చస్తుంది అన్న ప్రశ్నలకు ఆ చర్చలో చోటు తక్కువ. ఎర్ర నాచు చరిత్రలో పెద్ద మలుపులన్నీ ఆ రెండో రకం ప్రశ్నల నుంచే వచ్చాయి. మన దేశంలో తగిలిన పెద్ద దెబ్బ కూడా వాటిని పక్కన పెట్టినందుకే తగిలిందని నేను అనుకుంటున్నాను.

ఎరుపు వెనుక ఉన్న వెలుగు లెక్క

చెరువులో కనిపించే పాచి ఆకుపచ్చగా ఉంటుంది. సముద్రంలో ఎర్రటి పాచి ఎందుకు? సమాధానం కాంతిలో ఉంది. సూర్యకాంతి నీటిలోకి దిగేకొద్దీ ముందుగా ఎరుపు రంగు ఇంకిపోతుంది. లోతుకు మిగిలేది ఆకుపచ్చ, నీలం కాంతులు. ఆకుల్లో ఉండే పత్రహరితం ఆకుపచ్చ కాంతిని సరిగా పట్టుకోలేదు. ఎర్ర నాచులో పత్రహరితంతో పాటు ఫైకోఎరిత్రిన్ అనే మరో వర్ణకం ఉంటుంది. అది ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని ఆ శక్తిని పత్రహరితానికి అందిస్తుంది. ఆకుపచ్చను మింగేసి ఎరుపును వదిలేస్తుంది కాబట్టి మన కంటికి ఎర్రగా కనబడుతుంది.

ఈ ఏర్పాటు వల్ల ఎర్ర నాచులు వెలుగు బాగా సన్నగిల్లిన చోట కూడా బతకగలవు. 1984లో బహామాస్ దగ్గర సముద్రంలో 268 మీటర్ల లోతున రాతిని అంటిపెట్టుకుని పెరుగుతున్న ఒక ఎర్ర శైవలాన్ని శాస్త్రవేత్తలు చూశారు. ఒడ్డున పడే వెలుగులో లక్షో వంతు కూడా అక్కడికి చేరదు. అదే ఫైకోఎరిత్రిన్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. లేజర్ కాంతి పడగానే అది ప్రకాశవంతంగా మెరుస్తుంది. అందుకే హెచ్‌ఐవీ రోగుల రక్తంలో సీడీ4 కణాలను లెక్కపెట్టే యంత్రాల్లో కణాలకు గుర్తు పెట్టడానికి దాన్ని వాడతారు.

వీటి వంశం కూడా చాలా పాతది. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ సరిహద్దులోని చిత్రకూటం దగ్గర 160 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ఎర్ర శైవలాలను పోలిన శిలాజాలు దొరికాయని 2017లో స్వీడన్ పరిశోధకుల బృందం ప్రకటించింది. వాటిలో ఒకదానికి రఫటాజ్మియా చిత్రకూటెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ప్రాంతపు శిలాజాల గురించి 1998లో చెప్పి, ఎవరూ నమ్మక విమర్శలు ఎదుర్కొన్న భారతీయ శాస్త్రవేత్త రఫత్ ఆజ్మీ గౌరవార్థం పెట్టిన పేరది.

వంటింట్లోంచి ల్యాబ్‌లోకి వచ్చిన జెల్లీ

ఎర్ర నాచును ఇంతవరకూ మనుషులు ఎక్కువగా వాడుకున్నది దాని రంగు కోసం కాదు, జిగురు కోసం. అలల తాకిడికి తెగిపోకుండా వంగడానికి ఈ నాచులు తమ కణాల గోడల్లో ఒక రకం చక్కెర గొలుసులను పేర్చుకుంటాయి. గ్రాసిలేరియా, జెలిడియం లాంటి జాతుల్లో ఉండేది అగర్. మన కిరాణా దుకాణాల్లో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. కప్పాఫైకస్ లాంటి జాతుల్లో ఉండేది కారజీనన్. ఐస్‌క్రీమ్ డబ్బా మీద సన్న అక్షరాల్లో 407 అనే అంకె కనిపిస్తే అందులో కారజీనన్ ఉన్నట్టు. చాక్లెట్ పాలలో కోకో పొడి అడుగుకు దిగకుండా పట్టి ఉంచేది, టూత్‌పేస్ట్‌ను ముద్దలా నిలిపేది చాలాసార్లు ఇదే.

అగర్‌లో ఒక వింత ఉంది. నీళ్ళలో వేసి మరిగిస్తే కరుగుతుంది. చల్లారుతూ దాదాపు 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక గడ్డకడుతుంది. మళ్ళీ వేడి చేస్తే 40 డిగ్రీల దగ్గర కరగదు. 85 డిగ్రీల దాకా అలాగే ఉంటుంది. గడ్డకట్టేటప్పుడు దాని గొలుసులు రెండేసి చొప్పున పురి తిరిగి, ఆ పురులు కట్టలు కట్టుకుంటాయి. ఆ కట్టలను విప్పాలంటే చాలా ఎక్కువ వేడి కావాలి. వెళ్ళే దారి ఒకటి, తిరిగి వచ్చే దారి మరొకటి అయిన ఇలాంటి ప్రవర్తనను ఫిజిక్స్‌లో హిస్టెరిసిస్ అంటారు. అయస్కాంతాల గురించి పాఠంలో చదువుకున్న ఆ మాట పుడ్డింగ్ గిన్నెలోనూ ఉందని తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది.

ఈ వింత వైద్య చరిత్రను మార్చింది. 1880ల ప్రారంభంలో రాబర్ట్ కాక్ ప్రయోగశాలలో బ్యాక్టీరియాను జిలాటిన్ మీద పెంచేవారు. ఒంటి వేడి దగ్గర, అంటే 37 డిగ్రీల దగ్గర, జిలాటిన్ కరిగిపోయేది. కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని తినేసేవి కూడా. అక్కడ పనిచేస్తున్న వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే ఇంట్లో జెల్లీలకు అగర్ వాడేది. జావాలో ఉండి వచ్చిన పరిచయస్థుల దగ్గర నేర్చుకున్న చిట్కా అది. దాన్నే ల్యాబ్‌లోనూ వాడి చూడమని 1881లో ఆమె సలహా ఇచ్చింది. మరుసటి ఏడాది క్షయ బ్యాక్టీరియా గురించి కాక్ రాసిన పత్రంలో అగర్ ప్రస్తావన ఉంది, ఫానీ పేరు లేదు. ఈ రోజు ఏ ఊరి డయాగ్నొస్టిక్ సెంటర్‌లోనైనా కల్చర్ పరీక్షకు వాడే గాజు పళ్ళెంలో ఉండేది ఆ జెల్లీయే. డీఎన్‌ఏ ముక్కలను పొడవు వారీగా వేరు చేసే అగరోజ్ కూడా అందులోంచి తీసిందే.

ఇంత ముఖ్యమైన పదార్థం ఎక్కడి నుంచి వస్తోంది? ల్యాబ్‌కు పనికొచ్చే మేలురకం అగర్‌లో ఎక్కువ భాగం ఇప్పటికీ సముద్రంలో దానంతట అదే పెరిగిన జెలిడియం నుంచే వస్తోంది. దాన్ని లాభసాటిగా సాగు చేయడం ఇంకా సాధ్యపడలేదు. నిల్వలు తరిగిపోతున్నాయని మొరాకో కోతను తగ్గించేసరికి 2015లో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో అగర్‌కు కటకట వచ్చింది. ఒక దేశపు తీరంలో పెరిగే పాచి తగ్గితే లోకంలోని ల్యాబ్‌లన్నీ ఇబ్బంది పడ్డాయి. విత్తనం మన చేతిలో లేకపోతే జరిగేది అదే.

మండపం చెప్పిన పాఠం

మన దేశంలో ఎర్ర నాచు కథకు కేంద్రం తమిళనాడు రామనాథపురం జిల్లా. మన్నార్ సింధుశాఖ దీవుల చుట్టూ తరతరాలుగా ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి రాళ్ళకు పట్టిన నాచును చేత్తో తెంపుతారు. పదునైన రాళ్ళకు కోసుకుపోకుండా వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుంటారు. తమిళంలో దీన్ని పాసి అంటారు. మన పాచి దానికి తోబుట్టువే. జెలిడియెల్లా జాతిని వాళ్ళు మరికొళుందు పాసి అని పిలుస్తారు. మరికొళుందు అంటే మన దవనం. గ్రాసిలేరియాలో ఒక రకం వాళ్ళకు కంజి పాసి, అంటే గంజి పాచి. ఏ నాచు ఏ నెలలో ఏ రాతి మీద వస్తుందో వాళ్ళకు తెలిసినంతగా మన పరిశోధన పత్రాలకు తెలుసా అని నాకు సందేహమే.

ఆ తీరానికే కప్పాఫైకస్ ఆల్వరెజీ అనే విదేశీ జాతి వచ్చింది. దాని సొంత ఊరు ఫిలిప్పీన్స్. భావ్‌నగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ 1980ల్లో గుజరాత్ తీరంలో, 1990ల మధ్యలో మండపంలో దీన్ని పెంచి చూసింది. 2000 ప్రాంతంలో పెప్సీకో ఇండియా ఆ పరిజ్ఞానాన్ని తీసుకుని ఒప్పంద సాగు మొదలుపెట్టింది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న వెదురు తెప్పకు తాళ్ళు కట్టి, తాళ్ళకు నాచు ముక్కలు కడతారు. 45 రోజుల్లో అది నాలుగింతలవుతుంది. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇంటి దగ్గరే ఆదాయం దొరికింది. 2001లో ఎండు లెక్కన 20 టన్నులున్న ఉత్పత్తి 2013కల్లా 1,500 టన్నుల దగ్గరికి చేరింది.

తర్వాత అది కూలిపోయింది. తెప్పలకు కట్టిన నాచు తెల్లబారి, మెత్తబడి పెద్దఎత్తున చనిపోయింది. సముద్రపు నీరు వేడెక్కడం అందుకు ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పారు. అది నిజం కావచ్చు. కానీ మన చెరకు రైతును అడిగితే ఇంకో సగం చెబుతాడు. ఈ నాచును గింజల నుంచి పెంచరు. చెరకు ముచ్చెలు నాటినట్టు పాత మొక్కను తుంచి కొత్త తాడుకు కడతారు. అంటే సముద్రంలో తేలే వేల తెప్పల మీద ఉన్నది దాదాపు ఒకే మొక్క. మన దగ్గరే కాదు, ప్రపంచంలో సాగవుతున్న కప్పాఫైకస్‌లో చాలా భాగం జన్యుపరంగా దగ్గర దగ్గరగా ఒకటేనని అధ్యయనాలు చూపించాయి. ఒకే రకాన్ని ఏళ్ళ తరబడి ముచ్చెలతో నాటుతూ పోతే ఎర్రకుళ్ళు తెగులు వచ్చిన ఏడు తోటంతా ఎలా పోతుందో కోస్తా రైతులకు చెప్పక్కర్లేదు. వేడిని తట్టుకునే రకం ఒక్కటైనా చేతిలో ఉండి ఉంటే ఆ ఆడవాళ్ళ తెప్పలు అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యేవి కావేమో.

రెండో దెబ్బ పగడాలకు తగిలింది. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి దగ్గర కప్పాఫైకస్ తెప్పలను వదిలి పగడాల మీదికి పాకి, వాటిని కప్పేసి చంపుతోందని 2008లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అంతకుముందే హవాయిలోని కనియోహె అఖాతంలో ఇలాంటిది జరిగింది. సాగును పెంచిన శాస్త్రవేత్తల వాదన వేరు. విస్తరించిన చోటు చాలా చిన్నదని, మన నీళ్ళలో ఈ నాచు సిద్ధబీజాలతో వ్యాపించినట్టు ఆధారం లేదని, కొట్టుకుపోయిన ముక్కలే అక్కడ పట్టాయని వాళ్ళంటారు. మన్నార్ జాతీయ సముద్ర వనానికి ఎడంగా ఉన్న ప్రాంతాలకే సాగును పరిమితం చేస్తూ తమిళనాడు ప్రభుత్వం 2005లోనే ఉత్తర్వు ఇచ్చింది కూడా.

ఎవరి మాట ఎంత నిజమో తేల్చడానికి తెప్పలు దింపకముందు పగడాలు ఎలా ఉన్నాయి, తర్వాత ఏటా ఎలా మారాయి అన్న కొలతలు కావాలి. అవి మొదటి రోజు నుంచి, సాగుతో సంబంధం లేని వాళ్ళ చేత, అందరూ చూసేలా జరిగి ఉంటే ఈ తగువు ఇన్నేళ్ళు నడిచేది కాదు.

పెంకు మీద గులాబీ మరక

ఇలాంటి సంక్షోభం నుంచే ఒక దేశం బయటపడిన కథ ఉంది. జపాన్‌లో అన్నం చుట్టుకు తినే నోరి కూడా ఎర్ర నాచే. వందల ఏళ్ళుగా అక్కడి మత్స్యకారులు వెదురు కర్రలు, వలలు నీళ్ళలో పాతి, నాచు తనంతట తాను వచ్చి పట్టుకోవాలని ఎదురుచూసేవారు. ఒక ఏడు పడేది, ఒక ఏడు పడేది కాదు. అందుకే దాన్ని అదృష్టపు గడ్డి అనేవారు. వేసవిలో ఆ నాచు ఎక్కడికి పోతుందో, చలికాలంలో ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పంట దారుణంగా దెబ్బతింది.

ఆ చిక్కుముడి విప్పింది జపాన్‌కు ఎప్పుడూ వెళ్ళని ఒక ఇంగ్లండ్ మహిళ. పేరు క్యాథ్లీన్ డ్రూ బేకర్. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలు. 1928లో పెళ్ళయ్యాక, వివాహితలను ఉద్యోగంలో ఉంచకూడదన్న నియమం వల్ల ఆమె ఉద్యోగం పోయింది. జీతం లేకుండానే పరిశోధన కొనసాగించింది. నోరికి దగ్గరి చుట్టమైన ఒక నాచు సిద్ధబీజాలను ల్యాబ్‌లో పెంచుతుంటే అవి నత్తగుల్లల పెంకుల్లోకి చొచ్చుకుపోయి గులాబీ రంగు మరకలా పెరిగాయి. ఆ మరకను అప్పటిదాకా కాంకోసెలిస్ అనే వేరే జీవి అనుకునేవారు. రెండూ ఒకటేనని, వేసవి అంతా నాచు పెంకుల్లో ఆ రూపంలో దాక్కుంటుందని ఆమె 1949లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసంలో రాసింది.

జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని అందుకున్నారు. తొట్లలో ఆల్చిప్పల మీద కాంకోసెలిస్‌ను పెంచి, వాటి నుంచి వచ్చే సిద్ధబీజాలను వలలకు పట్టించడం నేర్చుకున్నారు. అదృష్టపు గడ్డి పంటగా మారింది. 1963లో ఉతో పట్టణంలో ఆమెకు స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ ఆమెను తలుచుకుంటారు. ఆమె పరిశోధన ప్రతిపాదనలో నోరి పరిశ్రమ అన్న మాట ఉండే అవకాశమే లేదు. ఒక నాచు జీవితచక్రం తెలుసుకోవాలన్న కుతూహలం, అంతే.

మళ్ళీ ఆస్పరాగాప్సిస్‌ దగ్గరికి వద్దాం. దానికీ ఇలాంటి మరో రూపం ఉంది. సన్నటి దూదిపింజెలా కనిపించే ఆ రూపాన్ని ఫాల్కెన్‌బెర్జియా అనే వేరే నాచుగా చాలాకాలం లెక్కగట్టారు. ఈ రోజు దాన్ని తొట్లలో పెంచాలనుకునే కంపెనీలన్నీ ఆ రెండు రూపాల మధ్య మార్పు ఎప్పుడు, ఏ వేడికి, ఎంత వెలుగుకు జరుగుతుందన్న దాని చుట్టూనే తంటాలు పడుతున్నాయి. మన తీరంలోనూ ఈ నాచు ఉన్నట్టు నమోదైంది. ఆవుకు పెట్టేముందు మన నీళ్ళలో దాని ఏడాది జీవితం ఎలా గడుస్తుందో చూడాలి కదా.

ఇలాంటి పని మనకు కొత్త కాదు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎం. ఉమామహేశ్వరరావు, ఆయన సహచరుడు కలియపెరుమాళ్ 1983లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ కోవలోదే. విశాఖ తీరపు ఎర్ర నాచుల నుంచి సిద్ధబీజాలు విడుదల కావడం మీద బయటి పరిస్థితుల ప్రభావం ఎలా ఉంటుందో వాళ్ళు పరిశీలించారు. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ సువర్ణావకాశం అని పిలిచి ఉండరు. నాచు సాగు గురించి నిజంగా పట్టించుకుంటే ఈ రోజు మనం వెతికి తీయాల్సినవి ఇలాంటి కాగితాలే.

డబ్బు ఉంది, వరస ముఖ్యం

మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచుకు రూ. 640 కోట్లు కేటాయించారు. రామనాథపురం జిల్లా వలమావూరులో రూ. 127 కోట్లకు పైగా వ్యయంతో సీవీడ్ పార్కు, డయ్యూలో విత్తన నాచు బ్యాంకు మంజూరయ్యాయి. కణజాల వర్ధనంతో తయారుచేసిన కప్పాఫైకస్ మొక్కలను రైతులకు అందించే ప్రయత్నమూ జరిగింది. ఇవన్నీ మంచి అడుగులే. అయితే కణజాల వర్ధనం ఆరోగ్యమైన మొక్కను ఇస్తుంది గానీ కొత్త మొక్కను ఇవ్వదు. అదే మొక్క నకళ్ళు మరికొన్ని తయారవుతాయి. బ్యాంకులో ఎన్ని టన్నుల విత్తనం ఉంది అన్నది ఒక ప్రశ్న. ఎన్ని రకాలున్నాయి, వాటిలో మన తీరానివి ఎన్ని అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

విదేశాల నుంచి బతికున్న నాచు తెప్పించుకోవడానికి కేంద్ర మత్స్యశాఖ 2024లో మార్గదర్శకాలు తెచ్చింది. కొత్త రకాలు కావాలి కాబట్టి ఆ అవసరం అర్థమవుతుంది. కానీ కురుసడై అనుభవం తర్వాత దిగుమతి మొదటి దారి కాకూడదు. గ్రాసిలేరియా, జెలిడియెల్లా, హిప్నియా లాంటివి మన నీళ్ళలో పుట్టి పెరిగినవే. అవి ఒకవేళ తెప్పలు దాటి పోయినా తమ ఇంటికే పోతాయి. వాటిని సిద్ధబీజాల నుంచి పెంచడం, వేడిని తట్టుకునే రకాలను ఎంచడం కష్టమైన పని. ఆరు నెలల్లో ఫలితం చూపించమంటే కుదరదు. పదేళ్ళ ఓపిక కావాలి.

ఇదంతా తేలేదాకా జీవనోపాధి ఆపేయమంటారా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. మండపం మహిళకు వచ్చే నెల ఖర్చులు ఎవరి పరిశోధన కోసమూ ఆగవు. ఆపమని నేననను. సాగుకు అనుకూలమైన చోట, పగడాలకు దూరంగా, ఇప్పుడున్న సాగు నడవనివ్వండి. అయితే 2013 తర్వాత ఆ మహిళల ఆదాయాన్ని దెబ్బతీసింది ఏ పర్యావరణ నిబంధనో కాదు, చచ్చిపోయిన నాచు. విత్తనం మీద పరిశోధన వాళ్ళ ఉపాధికి అడ్డు కాదు, వాళ్ళ ఉపాధికి బీమా. దీవుల దగ్గర నాచు ఏరే ఆడవాళ్ళు నెలలో పన్నెండు రోజులే సముద్రంలోకి వెళ్ళాలని, నాచు సంతానోత్పత్తి నెలల్లో వెళ్ళకూడదని తమంతట తాము కట్టుబాటు పెట్టుకున్నారు. విత్తనం విలువ వాళ్ళకు తెలుసు. పరిశోధన బృందాల్లో వాళ్ళకు కూలీలుగా కాకుండా తెలిసినవాళ్ళుగా చోటు ఉండాలి, ఆ పనికి జీతం ఉండాలి.

ఇక మన ఆంధ్ర తీరం సంగతి. ఇన్ని కిలోమీటర్ల తీరం అన్న అంకె ప్రతి ప్రసంగంలో వినిపిస్తుంది. కానీ నాచు పెరిగేది అంకెల మీద కాదు. కప్పాఫైకస్‌కు ఉప్పదనం స్థిరంగా ఉన్న తేటనీరు కావాలి. గోదావరి, కృష్ణ వరదల కాలంలో తీరపు నీటిలో ఉప్పు తగ్గి, ఒండ్రు కలుస్తుంది. రాళ్ళున్న విశాఖ తీరంలో సహజంగా నాచు బాగానే ఉంటుంది గానీ అక్కడ అలలకు వెదురు తెప్ప నిలవడం కష్టం. పైగా తుపాన్లు. మండపం నమూనాను ఇక్కడ యథాతథంగా దించితే నష్టపోయేది అప్పు తెచ్చి తెప్పలు కట్టిన మత్స్యకార కుటుంబమే. ఏ మండలంలో ఏ నెలలో నీరు ఎలా ఉంటుంది, ఏ స్థానిక జాతి అక్కడ ఉంది అన్న పటం ముందు తయారు కావాలి.

తీరానికి దూరంగా ఉన్న రైతుకూ ఇందులో వాటా ఉంది. కప్పాఫైకస్‌ను పచ్చిగా నలగ్గొట్టి రసం తీసి పంటల మీద చల్లే పద్ధతి భావ్‌నగర్ సంస్థలోనే రూపుదిద్దుకుంది. నాచు ద్రావణాలు ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎరువుల దుకాణాల్లో దొరుకుతున్నాయి. 2021లో కేంద్రం ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. మంచిదే. సీసా మీద నాచు పేరు ఉంటే చాలదు. ఏ పంటకు, ఏ నేలలో, ఎంత ఫలితం కనిపించిందో రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పే బాధ్యత అమ్మేవాళ్ళది.

నాలాంటి విలేకరులకూ ఇందులో బాధ్యత ఉంది. ఎనభై శాతం అన్న అంకె శీర్షికకు బాగుంటుంది. సిద్ధబీజం ఎప్పుడు విడుదలవుతుందన్న వాక్యం శీర్షికకు ఎక్కదు. అందుకే మొదటిది పదిసార్లు రాస్తాం, రెండోది ఒక్కసారీ రాయం. ఇకమీదట ఎర్ర నాచు గురించి ఏ కొత్త పథకం ప్రకటించినా నేను అడగదలుచుకున్నవి మూడే ప్రశ్నలు. విత్తనం ఎక్కడిది? అది చనిపోతే రెండో రకం ఉందా? తెప్ప దింపకముందు అడుగున ఏముందో ఎవరైనా చూసి రాసిపెట్టారా? ఈ మూడింటికీ జవాబు దొరికిన రోజున ఆవుల లెక్క మళ్ళీ వేసి చూద్దాం.